రేపు కోర్టులో సాక్ష్యం, ఈరోజే స్టేషన్‌కు రమ్మంటున్నారు. వెళ్ళాలా?

ప్రశ్న: సార్, మాది పత్తికొండ దగ్గర పల్లె. 2024 నవంబరులో ఒక రాత్రి మా వీధిలో బోరు నీళ్ళ తగాదాలో ఒకాయన్ను కొడవలితో నరికి చంపారు. కేక విని నేను బయటికి వచ్చాను. అప్పటికే ఆయన అరుగు పక్కన పడి ఉన్నాడు. ఇంకొకాయన చేతిలో కొడవలి పట్టుకుని సందులోకి పోతూ కనిపించాడు. ఇద్దరూ మాకు తెలిసినవాళ్ళే. పోలీసులు వచ్చినప్పుడు ఇదే చెప్పాను. ఇప్పుడు కర్నూలు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. నేను నాలుగో సాక్షినట. "ముందు రోజు స్టేషన్‌కు రామ్మా, ఏం చెప్పాలో చెబుతాం" అని కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. నరుకుతుండగా నేను చూసినట్టు కాగితంలో రాసి ఉందట. అవతలివాళ్ళ తరఫున మా మేనమామ వచ్చి, "గుర్తులేదని చెప్పు, అందరం ఇదే ఊళ్ళో బతకాలి" అంటున్నాడు. మా ఆయనేమో "పోలీసులు రాసింది బట్టీ పట్టు, టెన్షన్ ఉండదు" అంటున్నాడు. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
(ఒక సోదరి, కర్నూలు జిల్లా. గుర్తుపట్టే వివరాలు మార్చాం.)

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "అప్పటికే ఆయన అరుగు పక్కన పడి ఉన్నాడు" అన్నారు. మీ సాక్ష్యానికి ప్రాణం ఆ "అప్పటికే". దాన్ని ఒకరు పెంచాలని చూస్తున్నారు, ఇంకొకరు తుంచాలని చూస్తున్నారు. ఇద్దరి చేతికీ ఇవ్వకుండా దాన్ని కోర్టు దాకా తీసుకెళ్ళడమే మీ పని.

స్టేషన్ సంగతి ముందు చెబుతాను. వెళ్ళకండి. మీకు వచ్చిన సమన్లు ఫలానా తేదీన కోర్టుకు రమ్మంటాయి, అంతే. దర్యాప్తులో భాగంగా సాక్షిని అడగాలన్నా ఆడవాళ్ళను స్టేషన్‌కు పిలిపించకూడదు, వాళ్ళుండే చోటికే వెళ్ళి అడగాలని, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. మీ కేసులో దర్యాప్తు ముగిసి, ఛార్జిషీటు కూడా పడింది. ఇప్పుడు మిమ్మల్ని పిలవడం నేర్పించడానికే. ఆ కానిస్టేబుల్‌తో గొడవ పడాల్సిన పని లేదు. "కోర్టుకు టైముకు వస్తాను సార్, పీపీ గారితో అక్కడే మాట్లాడతాను" అని చెప్పండి. పీపీ అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్. చాలామంది కోర్టు కానిస్టేబుళ్ళు ఇలా నేర్పించడాన్ని తప్పనుకోరు. సాక్షి తడబడితే పైఅధికారి తననే అంటాడన్న భయం వాళ్ళది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దానివల్ల జరిగే నష్టం చాలా పెద్దది.

తమిళనాడులోని ఒక హత్య కేసు చూడండి. సాక్ష్యానికి సరిగ్గా ముందు రోజు సాక్షులను పోలీస్ స్టేషన్‌కు పిలిపించి, ఎలా చెప్పాలో నేర్పారని బయటపడింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని నమ్మలేమని శిక్ష రద్దు చేసింది. పోలీసుల తీరు మీద విచారణ జరిపించమని ఆ రాష్ట్ర డీజీపీని ఆదేశించింది. ఆ సాక్షులు చెప్పినదాంట్లో నిజమెంతో ఇక ఎవరికి తెలుస్తుంది? నేర్పిన మాట పక్కన చేరితే చూసిన మాట కూడా పనికిరాకుండా పోతుంది. చనిపోయిన మనిషి కుటుంబానికి మిగిలేదేమిటి?

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. మీకు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, నేను ప్రభుత్వం తరఫున కేసులు నడుపుతున్న తొలిరోజుల్లో ఒక కొట్లాట కేసు వచ్చింది. సాక్షి ఆలూరు వైపు గొర్రెలు మేపుకునే పెద్దాయన. పోలీసుల రఫ్ స్కెచ్‌లో ఆయన నిలబడిన చోటికీ, కొట్లాట జరిగిన చోటికీ 30 అడుగులని ఉంది. తేడా వస్తే కేసు దెబ్బతింటుందని వరండాలో ఆయనను పక్కకు పిలిచి, "దూరం అడిగితే ముప్పై అడుగులని చెప్పు పెద్దాయనా" అన్నాను. ఆయన తల ఊపాడు. బోనెక్కి అలాగే చెప్పాడు. అవతలి లాయరు అనుభవజ్ఞుడు. "ఈ గోడకూ ఆ గోడకూ ఎన్ని అడుగులుంటాయి?" అని హాలు చూపించాడు. హాలు పాతిక అడుగులకు మించదు. పెద్దాయన అటూ ఇటూ చూసి, "నూరు ఉంటాయేమో" అన్నాడు. "మరి ముప్పై అని నీకెవరు చెప్పారు?" దేవుడి మీద ప్రమాణం చేసిన మనిషి అబద్ధమాడలేదు. నా వైపు చూసి, "ఈ సారే చెప్పినాడు" అన్నాడు.

కేసు అక్కడే పోయింది. బయటికి వచ్చాక ఆయన నన్ను తిట్టలేదు. "మా కల్లం కాణ్ణించి చింతమాను దాకా ఉంటాదని చెప్పేవాణ్ణి గద సార్, నన్ను అడిగింటే" అన్నాడు. నిజమే, నేనాయనను అడగనేలేదు. ఆయన దగ్గర తన సొంత కొలత ఉంది. ఎవరెన్ని ప్రశ్నలేసినా ఆ కొలత మారేది కాదు. నేను దాన్ని తీసేసి నా అంకె పెట్టాను. ఆ రోజు నుంచి సాక్షితో మాట్లాడేటప్పుడు నేను ప్రశ్నలే అడిగాను, ఒక్క జవాబు కూడా ఇవ్వలేదు.

అంటే సాక్షిని అసలు సిద్ధం చేయకూడదా? చేయాలి. చేయకపోవడమే అన్యాయం. పొలం పని తప్ప కోర్టు మెట్లెక్కని మనిషిని నేరుగా బోనులో నిలబెట్టి, ఇంగ్లిషులో వాదించుకునేవాళ్ళ మధ్య వదిలేస్తే ఆమె నోట నిజం కూడా సరిగ్గా రాదు. సాక్షులను ఊరికే తిప్పించుకుంటున్నారని, గౌరవం ఇవ్వడం లేదని, కూర్చోవడానికి చోటు కూడా ఉండదని 2000లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో బాధపడింది. కోర్టు హాలు ముందే చూపించవచ్చు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరు ముందు అడుగుతారు, అర్థం కాకపోతే ఏం చేయాలి అన్నవి చెప్పవచ్చు. నెమ్మదిగా మాట్లాడమనవచ్చు. మీరు చూసిందంతా మీ నోటితో ఒకసారి చెప్పించుకుని వినవచ్చు. జవాబు అందించడం, ఇంకో సాక్షి ఏం చెప్పాడో చెప్పి దానికి కలపమనడం, ఒకటి చెప్పవద్దనడం, పాఠంలా పదేపదే వల్లె వేయించడం మాత్రం కూడదు. ఇంగ్లండ్‌లో 2005లో అప్పీలు కోర్టు దాదాపు ఇదే గీత గీసింది: కోర్టు పద్ధతి అలవాటు చేయవచ్చు, సాక్ష్యం నేర్పకూడదు. మన దగ్గర వకీళ్ళకు బార్ కౌన్సిల్ నియమాలున్నాయి. ప్రాసిక్యూషన్ నడిపే వకీలు నిర్దోషికి శిక్ష పడేలా కేసు నడపకూడదని, నిందితుడు నిర్దోషి అని చూపగల ఆధారాన్ని దాచకూడదని అందులో స్పష్టంగా ఉంది. పీపీ గారు మీ నుంచి కోరవలసింది నిజమే, శిక్ష కాదు.

మీ ఆయన బట్టీ పట్టమనడం మీ మీద ప్రేమతోనే. కానీ బట్టీ పట్టిన సాక్ష్యాన్ని కోర్టులో గుర్తుపట్టడం కష్టం కాదు. చివర నుంచి మొదటికి అడిగితే చాలు, తెలిసిపోతుంది. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. వేరేవాళ్ళ మాటలు వల్లె వేస్తే మన జ్ఞాపకమే మారిపోతుంది. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో విద్యార్థులకు కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి ప్రశ్నలు వేశారు. కొందరిని "కార్లు తాకినప్పుడు వేగం ఎంత?" అని, కొందరిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు వేగం ఎంత?" అని అడిగారు. గట్టి మాట విన్నవాళ్ళు వేగం ఎక్కువ చెప్పారు. వారం తర్వాత పిలిచి "పగిలిన అద్దం చూశారా?" అని అడిగితే, ఆ గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మెత్తటి మాట విన్న 50 మందిలో 7 గురే అలా అన్నారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. వాళ్ళెవరూ అబద్ధమాడలేదు, చూశామనే నమ్మారు. ఒక్క మాటకే ఇంత జరిగితే, "నరుకుతుండగా చూశాను" అని మీరు రోజూ రాత్రి ఇరవైసార్లు అనుకుంటే నెల తిరిగేసరికి ఆ దృశ్యం మీ కళ్ళ ముందు కనబడుతుంది. అప్పుడు "అప్పటికే" అన్న మాట మీకు కూడా దొరకదు. అందుకే మిగతా సాక్షులతో ఆ రాత్రి గురించి ఇప్పుడు మాట్లాడవద్దు. రచ్చకట్ట దగ్గర ఆ ప్రస్తావన వస్తే లేచి వచ్చేయండి.

ఇక ఆ కాగితం. పోలీసులు మీ మాటలు రాసుకున్న వాంగ్మూలం అది. మీ సంతకం తీసుకోలేదు కదా? తీసుకోకూడదు కూడా, చట్టమే వద్దంది. అది సాక్ష్యం కాదు. మీరు కోర్టులో చెప్పేదే సాక్ష్యం. ఆ కాగితం ప్రధానంగా పనికొచ్చేది, కోర్టులో మీరు చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ తేడా ఉంటే చూపించడానికి. దాని కాపీ అవతలి లాయరు చేతిలో ముందే ఉంటుంది. బోనులో నిలబడి దాన్ని చూస్తూ చెప్పే వీలు మీకు లేదు. బయట ముందుగా చూడవచ్చా అన్నదాంట్లో కోర్టుల అభిప్రాయం అన్నిచోట్లా ఒకేలా లేదు. నేనైతే వరుస ముఖ్యమంటాను. కర్నూలు కోర్టులో పీపీ గారిని కలిసినప్పుడు, కాగితం చూడకముందే మీరు చూసింది మీ మాటల్లో చెప్పేయండి. తర్వాత ఆయన చదివి వినిపిస్తే, "నరుకుతుండగా చూశానని నేను చెప్పలేదు సార్, నేను వచ్చేసరికే పడి ఉన్నాడు" అని అక్కడికక్కడే చెప్పండి. దాచి ఉంచి బోనులో బయటపెట్టడం కంటే ఇది అందరికీ మేలు. "పొద్దున పీపీ గారు మీకు వాంగ్మూలం చదివి వినిపించారా?" అని క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నించేటప్పుడు, అడిగితే, వినిపించి ఉంటే అవునని చెప్పండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. "లేదు" అని చెబితేనే ముప్పు.

పీపీ గారికి కోపం వస్తే? రావచ్చు. మిమ్మల్ని "హోస్టైల్" అని ప్రకటించమని జడ్జి గారిని అడగవచ్చు కూడా. ఆ మాటకు ఊళ్ళలో చాలా భయపడతారు, డబ్బు తీసుకుని అడ్డం తిరిగిందని అనుకుంటారని. హోస్టైల్ అంటే పీపీ గారికి కూడా మిమ్మల్ని క్రాస్ ప్రశ్నలు అడిగే అనుమతి దొరికిందని మాత్రమే అర్థం. అది నేరం కాదు. అలాంటి సాక్షి చెప్పినదాంట్లో నమ్మదగిన భాగాన్ని కోర్టు తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. మీరు చూసింది తక్కువదేమీ కాదమ్మా. కేక, వెంటనే పడి ఉన్న మనిషి, చేతిలో కొడవలితో సందులోకి పోతున్న మనిషి. ఎవరూ నరుకుతుండగా చూడకపోయినా ఇలాంటివి ఒకదానికొకటి కలిసి కేసును నిలబెట్టిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. దానికి అబద్ధం అతికిస్తే, అది ఊడినప్పుడు నిజాన్ని కూడా వెంట తీసుకుపోతుంది.

మీ మేనమామ గారి మాట. ఇది కొంచెం గట్టిగానే చెబుతాను, ఏమనుకోవద్దు. గుర్తున్నదాన్ని గుర్తులేదని చెప్పడం కూడా అబద్ధ సాక్ష్యమే. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద దానికి ఏడేళ్ళ దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా ఉండవచ్చు. అబద్ధం చెప్పమని సాక్షిని బెదిరించినవాళ్ళకు 232వ సెక్షన్ కింద కూడా ఏడేళ్ళ దాకా పడవచ్చు. ఆయన బతిమాలాడే తప్ప బెదిరించలేదని మీరు అనుకోవచ్చు. ఆయనను ఎవరు పంపారో, ఏమని పంపారో అడిగి తెలుసుకోండి. "మామా, నేను ఎవరికీ వ్యతిరేకంగా చెప్పడం లేదు, చూసింది చెబుతున్నాను, ఇంకోసారి ఈ విషయం నాతో తేవద్దు" అనండి. చుట్టరికం చెడకుండా చెప్పగల మాట ఇది.

నిజంగా బెదిరింపు వస్తే ఆలస్యం చేయవద్దు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న చట్టం కూడా ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకం పెట్టాలంటోంది. ఆ 2018 పథకం ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి గారి అధ్యక్షతన కమిటీ ఉండాలి, జిల్లా పోలీసు అధికారి అందులో సభ్యుడు. పీపీ గారి ద్వారా దరఖాస్తు ఇస్తే ముప్పు ఎంతుందో పోలీసుల నుంచి నివేదిక తెప్పించుకుని, ఇంటి వైపు గస్తీ, కోర్టుకు వెళ్ళివచ్చేటప్పుడు తోడు లాంటివి ఏర్పాటు చేయవచ్చు. ఊళ్ళో ముఖాముఖి అయ్యాక ఇవన్నీ చాలవని నాకు తెలుసు. అయినా కాగితం మీద పడిన దరఖాస్తు, బెదిరించేవాణ్ణి చాలాసార్లు వెనక్కి లాగుతుంది. ఇంకో దారి, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు పలుకుతారు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

కోర్టు రోజు గురించి రెండు మాటలు. అటెండర్ మీ పేరు గట్టిగా పిలుస్తాడు. బోనులో ప్రమాణం చేయిస్తారు. ముందు పీపీ గారు అడుగుతారు, ఆయన జవాబు లోపల పెట్టి అడగకూడదు. "కొడవలి పట్టుకుని పోతుంటే చూశారు కదా?" అనకూడదు, "ఏం చూశారు?" అనే అడగాలి. తర్వాత అవతలి లాయరు అడుగుతారు. ఆయన ఎలాగైనా అడగవచ్చు. "మీరు ఆ రాత్రి ఊళ్ళోనే లేరు, పోలీసులు చెప్పమంటే చెబుతున్నారు" అని ఒక మాట తప్పకుండా అంటారు. అది మీ మీద కోపం కాదు, తన కక్షిదారు తరఫు వాదన మీ ముందు పెట్టడం ఆయన ఉద్యోగం. "లేదు సార్, ఉన్నాను" చాలు. జవాబు చెప్పాక ఆగండి. మీరు తెలుగులో చెప్పింది జడ్జి గారు ఇంగ్లిషులో చెబుతుంటే పక్కన టైపు చేస్తుంటారు. ఆ టైపు అయ్యేదాకా ఆగితే మీకూ ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

ఒక్కటి బాగా గుర్తుంచుకోండి. "చూడలేదు", "తెలియదు", "గుర్తులేదు" మూడూ వేరు వేరు. నరికినప్పుడు మీరు అక్కడ లేరు కాబట్టి "చూడలేదు". తగాదా ఎలా మొదలైందో మీకు తెలియకపోతే "తెలియదు", పక్కింటామె చెప్పింది ఇక్కడ చెప్పవద్దు. ఆ రాత్రి ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ఒకప్పుడు తెలిసి ఇప్పుడు మరిచిపోతే "గుర్తులేదు". కంగారులో ఒకదాని బదులు ఇంకొకటి అనేస్తే లాయరు దాన్ని పట్టుకుంటారు. టైము అడిగితే "రాత్రి అన్నాలు తిన్నాక" అనండి, మీరు గడియారం చూడకపోతే. వీధి లైటు ఎక్కడుందో, దాని వెలుతురు ఎక్కడిదాకా పడుతుందో ఒకసారి మనసులో చూసుకోండి. పోలీసు వాంగ్మూలాల్లో "వీధి దీపపు వెలుతురులో చూశాను" అని దాదాపు అందరికీ ఒకేలా రాస్తారు. మీ వీధిలో ఆ లైటు ఆ రాత్రి వెలిగిందా, మీ వాకిట్లోని బల్బా, వెన్నెలా, అది మీకే తెలియాలి. చిన్న తేడాలకు బెదిరిపోవద్దు. సాక్షి జ్ఞాపకం ఫొటో కాదని, కళ్ళ ముందు ఘోరం జరిగినప్పుడు ప్రతి వివరం గుర్తుండాలనడం కుదరదని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది.

అన్నీ అయ్యాక మీ సాక్ష్యం మీకు చదివి వినిపించాలి. ఇది మీ హక్కు. తొందరలో "సంతకం పెట్టమ్మా" అనవచ్చు. "తెలుగులో ఒకసారి చెప్పండి సార్" అని వినయంగా అడగండి. మీరు "అప్పటికే పడి ఉన్నాడు" అన్నది అలాగే వచ్చిందో లేదో వినండి. తేడా ఉంటే సంతకానికి ముందే చెప్పండి, సరిచేస్తారు, లేదా మీ అభ్యంతరం రాసుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు సాక్షి బత్తా సంగతి కోర్టు గుమాస్తాను అడగండి, ఛార్జీలు రావచ్చు. తెల్లవారుజామున బస్సెక్కుతారు కాబట్టి ఇంత తిని బయల్దేరండి, మజ్జిగ సీసా పెట్టుకోండి. పిలుపు మధ్యాహ్నం దాకా రాకపోవచ్చు, ఆ రోజు వాయిదా పడినా పడవచ్చు. మీ ఆయన్ను తోడు తీసుకెళ్ళండి. ఆయన ఈ కేసులో సాక్షి కాకపోతే హాల్లో వెనక బెంచీలో కూర్చోవచ్చు.